ఐస్‌బర్గ్ ఆకుకు ఆ పేరెట్లొచ్చింది?



మన శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైంది. అక్కడ గానీ, బయట రోడ్డు మీద గానీ బర్గర్ కొంటే మధ్యలో కరకరలాడే ఆకు ఒకటి ఉంటుంది. చూస్తే క్యాబేజీ లెక్కనే ఉంటుంది, కానీ క్యాబేజీ కాదు. దాని పేరు ఐస్‌బర్గ్ లెట్యూస్. ఐస్‌బర్గ్ అంటే సముద్రంలో తేలే మంచుకొండ. ఆకుకూరకు మంచుకొండ పేరెందుకు?

ముందు ఆకు సంగతి:
క్యాబేజీది ఆవాల కుటుంబం. లెట్యూస్‌ది పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబం. శాస్త్రీయ నామం లాక్టూకా సటైవా. లాటిన్ భాషలో 'లాక్' అంటే పాలు. దీని కాడ తుంచితే తెల్లని పాలు కారతాయి. మరి మన పాలకూర తుంచితే పాలు రావేం? ఆ పేరు పాలను బట్టి రాలేదు. సంస్కృతంలో 'పాలక్య', హిందీలో 'పాలక్', మనకు పాలకూర. చూశారా, పేరు విని అర్థం ఊహిస్తే తప్పులో కాలేస్తాం!

అందరూ చెప్పే కథ:
అమెరికాలో 1920ల్లో కాలిఫోర్నియా నుంచి దూరపు పట్నాలకు ఈ ఆకును రైళ్లలో, పైన మంచుగడ్డలు నింపి పంపేవారు. రైలు పెట్టె మంచుకొండలా కనిపించేదట, అందుకే ఆ పేరట.

అసలు నిజం:
రైళ్లలో మంచు నింపి పంపిన మాట నిజమే. కానీ బర్పీ అనే విత్తనాల కంపెనీ 1894లోనే ఐస్‌బర్గ్ పేరుతో విత్తనాలు అమ్మింది. అంటే పేరు ముందు, రైలు కథ తర్వాత. ఆనాడు కాగితం మీద రాసిపెట్టారు కాబట్టే ఈ సంగతి తేలింది.

బలం ఎంత?
ఐస్‌బర్గ్‌లో నూటికి 95 పాళ్లు నీళ్లే. ఇనుము, విటమిన్ ఎ మన తోటకూరలోనే చాలా ఎక్కువ. కనుక మెస్సులో తోటకూర పప్పు చూసి మూతి ముడవొద్దు!

మనం చేయాల్సిన పని:
మనం పుంటికూర అనేదాన్ని ఆంధ్ర వైపు గోంగూర అంటారు. గంగవాయిలి కూరను పాయలకూర అంటారు. తండాల్లో, గూడేల్లో లంబాడీ, కోయ, గోండి భాషల్లో ఆకుకూరలకు వేరే పేర్లున్నాయి. అవి మన అవ్వలకు తెలుసు, మన పాఠ్యపుస్తకాల్లో మాత్రం కనపడవు. రాయకపోతే అవ్వలతోనే పోతాయి. రేపు ఎవరైనా ఏదో కథ కట్టి చెప్పినా, కాదనడానికి మన దగ్గర కాగితం ఉండదు.

అందుకే సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఇవి రాసుకురండి:
1. ఆకు పేరు, ఏ భాష
2. ఊరు, చెప్పినవారు
3. ఎప్పుడు దొరుకుతుంది, ఎట్లా వండుతారు
4. రాసిన తేదీ (మరువొద్దు!)

వార్డెన్ సార్లకు మనవి: వచ్చే గోడపత్రికలో వీటికి ఒక పూర్తి చార్టు ఇప్పించగలరు.