1,400 కి.మీ. ఎక్కువ.. 2 గంటలు తక్కువ!

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా నడిపే విమానాన్ని 2016 అక్టోబరులో ఎయిరిండియా పసిఫిక్ వైపు మళ్లించింది. పాత దారి సుమారు 13,900 కి.మీ., కొత్తది 15,300 కి.మీ. అంత చుట్టు తిరిగినా విమానం దాదాపు 2 గంటల ముందే, పద్నాలుగున్నర గంటల్లో దిగింది. గాలులు, రేఖాంశాలు, కాలమానం పాఠాలను విడివిడిగా బట్టీ పట్టే అభ్యర్థులు ఈ ఒక్క ప్రయాణాన్ని నిదానంగా చదవాలి.

దగ్గరి దారి ఏది?

గ్లోబు తీసుకుని ఢిల్లీ మీద ఒక వేలు, శాన్‌ఫ్రాన్సిస్కో మీద మరో వేలు ఉంచి మధ్యలో దారం బిగించి చూడండి. దారం పైకి జరిగి సైబీరియా, ఆర్కిటిక్, అలాస్కాల మీదుగా వెళ్తుంది. ఇదే మహావృత్త మార్గం, సుమారు 12,400 కి.మీ. గోడకు తగిలించిన మ్యాపులో ఇది ఎప్పటికీ కనిపించదు.

మరి సమయం ఎందుకు తగ్గింది?

ఉత్తరార్ధ గోళంలో 9-12 కి.మీ. ఎత్తున జెట్ ప్రవాహాలు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. విమానాలు ఎగిరేదీ ఆ ఎత్తులోనే. అట్లాంటిక్ దారిలో ఇవి ఎదురుగాలి, పసిఫిక్ దారిలో వెన్నుగాలి. లెక్క కట్టండి: 13,900ను పదహారున్నరతో భాగిస్తే గంటకు సుమారు 842 కి.మీ.; 15,300ను పద్నాలుగున్నరతో భాగిస్తే 1,055 కి.మీ. ఇది నేలతో పోల్చిన వేగం. చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగం రెండు దారుల్లోనూ ఇంచుమించు ఒకటే.

ఇక్కడే చాలామంది మార్కు పోగొట్టుకుంటారు. భూమి తిరగడం వల్ల గమ్యం విమానానికి ఎదురొస్తుందని, లేదా దూరంగా జరిగిపోతుందని రాస్తారు. అది తప్పు. భూమితోపాటు వాతావరణమూ, అందులోని విమానమూ తిరుగుతూనే ఉంటాయి.

గడియారం లెక్క

భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82½° తూర్పు రేఖాంశం. మన కాకినాడకు దగ్గరగా వెళ్లేది అదే. గ్రీనిచ్ కంటే మనం ఐదున్నర గంటలు ముందుంటాం. శాన్‌ఫ్రాన్సిస్కో 8 గంటలు వెనక, వేసవి కాలమానం అమల్లో ఉంటే 7 గంటలు. అంటే తేడా పదమూడున్నర లేదా పన్నెండున్నర గంటలు.

అక్టోబరు 16 తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయల్దేరారనుకోండి. పద్నాలుగున్నర గంటలు కలిపితే మనకు సాయంత్రం ఆరున్నర. అక్టోబరులో అక్కడ వేసవి కాలమానమే, కాబట్టి పన్నెండున్నర గంటలు తీసేయాలి. జవాబు: అదే 16న ఉదయం 6 గంటలు. తూర్పుగా అంతర్జాతీయ దినరేఖ దాటితే ఒక రోజు వెనక్కి వెళ్తుంది. ఈ తీసివేతలో అదీ కలిసే ఉంది, మళ్లీ తీయకండి.

తిరుగు ప్రయాణం

2017లో మహిళా సిబ్బందే నడిపిన విమానం పసిఫిక్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లి, అట్లాంటిక్ మీదుగా ఢిల్లీ చేరింది. రెండుసార్లూ ప్రయాణం తూర్పుకే, వెన్నుగాలితోనే. పోయి వచ్చేసరికి భూమిని ఒక చుట్టు చుట్టేశారు.