పెరటి ఎత్తు మడులు – పాత రైలు స్లీపర్లు వాడవచ్చునా?

రక్తహీనత ఉన్న తల్లులకు ఆకుకూరలు తినమని మా ఓ.పి.లో రోజూ చెబుతూనే ఉంటాము. దానితో ఈ మధ్య కొందరు పెరట్లో మడులు కట్టుకోవడం మొదలుపెట్టారు. చాలా సంతోషం. అయితే వారిలో కొందరు కలప అడితిలో దొరికే పాత రైలు స్లీపర్లతో మడులు కడతామంటున్నారు. అందుకే ఈసారి ఈ విషయం రాస్తున్నాను.

రైలు పట్టాల కింద సిమెంటు స్లీపర్లు వచ్చాక తీసేసిన చెక్క దుంగలు ఇవి. బ్రాడ్‌గేజి స్లీపరు సుమారు 9 అడుగుల పొడవు, 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం ఉంటుంది. రెండు మూడు పెడితే మడి తయారు. చెదలు పట్టవు, గట్టిగా ఉంటాయి. కానీ చెదలు ఎందుకు పట్టవో ఆలోచించండి. చాలా స్లీపర్లకు బొగ్గు తారు నుండి తీసే క్రియోసోట్ అనే నూనె పట్టిస్తారు. పురుగును చంపేది ఆ నూనే. నల్లటి రంగు, తారు వాసన, ఎండకు జిగటగా కారడం దాని గుర్తులు. అది చర్మానికి తగిలి ఎండ పడితే మంట, బొబ్బలు వస్తాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషులకు బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాలలో చేర్చింది. మడి మట్టిలోకి కూడా అది దిగుతుంది. కనుక తినే మొక్కలకు ఈ దుంగలు వద్దు. లోపల ప్లాస్టిక్ కాగితం పరిస్తే చాలునని కొందరంటారు, నేను దానిని నమ్మను.

ఇప్పటికే కొన్నవారు దయచేసి వాటిని పొయ్యిలో గానీ, నీళ్లు కాచుకోవడానికి గానీ కాల్చకండి. ఆ పొగ మరీ ప్రమాదం. రంపంతో కోసేటప్పుడు వచ్చే పొట్టు కూడా అంతే.

మరి దేనితో కట్టాలి? ఇటుకలు మంచివి. బురద మట్టితో పేర్చినా చాలు. మందు పట్టించని తాటి దుంగలు, సరుగుడు బాదులు కూడా వాడవచ్చు. కొన్నేళ్లకు పుచ్చిపోతాయి, అప్పుడు మార్చుకోవాలి. వెడల్పు మాత్రం 3 అడుగులు దాటనివ్వకండి. మడి తొక్కకుండా రెండు వైపుల నుండి చెయ్యి మధ్యకు అందాలి. ఎత్తు ఒక అడుగు సరిపోతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు కుర్చీలో కూర్చుని పని చేసుకోవాలంటే 2 అడుగులు కట్టించండి. అడుగున సిమెంటు వేయకండి, నీరు నిలిచిపోతుంది. రెండు తట్టల ఎర్రమట్టికి ఒక తట్ట బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలపండి. పచ్చి పేడ వద్దు.

షుగరు వల్ల గానీ, కుష్ఠు వల్ల గానీ కాళ్లకు చేతులకు స్పర్శ తగ్గినవారికి ఒక మాట. మీరు తోటపని మానుకోనక్కర లేదు. కానీ ఎం.సి.ఆర్. చెప్పులు లేకుండా పెరట్లోకి దిగకండి. బొరిగె పిడికి మెత్తని గుడ్డ చుట్టుకోండి, చేతికి తొడుగు వేసుకోండి. మడి అంచుకు నల్ల బండలు పెట్టించకండి, మధ్యాహ్నం అవి కాలిపోతాయి, మీకు తెలియకుండానే చెయ్యి బొబ్బలెక్కుతుంది. పని అయ్యాక అరికాళ్లు, అరచేతులు కడిగి, వెలుతురులో చూసుకోండి. కనబడకపోతే మనవడినో మనవరాలినో చూడమనండి. ఎవరికైనా సరే, ముల్లో మేకో గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి రండి. ధనుర్వాతం క్రిములు మట్టిలోనూ పేడలోనూ ఉంటాయి. గాయానికి పసుపో, పేడో, కాఫీ పొడో అద్దుకుని వచ్చేవారిని ఇంకా చూస్తూనే ఉన్నాము!

మొదట తోటకూర చల్లండి, నెల తిరగకుండా కోతకు వస్తుంది. తరువాత మెంతికూర, గోంగూర. కూర వండాక నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది, కనీసం గంట ఆగండి. గర్భిణులు మాత్రం కూర తింటున్నామని ఐరన్ మాత్రలు మానవద్దు. వచ్చే చెకప్‌కు ఖాళీ మాత్రల అట్ట కూడా తెచ్చి మా సిస్టర్లకు చూపించండి.