మార్కుల శాతమును గ్రేడు పాయింట్లుగా మార్చుట

రెండేండ్ల క్రిందట గుడియాత్తమునుండి మన పూర్వవిద్యార్థి తండ్రి యొకరు వేలూరికి నన్ను చూడవచ్చిరి. ఆయన చేతిలో కుమారుని డిగ్రీ మార్కుల పట్టిక. మొత్తము 72 శాతము. అమెరికాలోని యొక విశ్వవిద్యాలయము నాలుగింట మూడు పాయింట్లు గలవారినే దరఖాస్తు చేయుమనుచున్నదట. నేను వెంటనే పెన్సిలు తీసికొని, నూటికి నాలుగైనచో ఇరువదియైదింటికి ఒకటి గదా యని, 72ను 25చే భాగించి 2.88 అని చెప్పితిని. ఆయన "సరే అయ్యవారూ" అని పట్టిక మడిచి వెళ్లిపోయిరి. ఆ యేడు దరఖాస్తు పంపలేదు. నా భాగహారమున తప్పు లేదు, భాగించుటయే తప్పు. తల్లిదండ్రుల కొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుటకు అదియే కారణము.

శాతము ఎన్ని మార్కులు వచ్చినవో చెప్పును గాని, ఇచ్చినవారి చేయి ఎట్టిదో చెప్పదు. మన విశ్వవిద్యాలయములలో సాధారణముగా 60 వచ్చినచో ప్రథమ శ్రేణి. ఇంగ్లండులో 70కి ప్రథమ శ్రేణి, 40తో ఉత్తీర్ణత. అమెరికాలో తరచుగా 90 దాటినవారికి ఏ గ్రేడు, దానికి 4 పాయింట్లు. 80 దాటినచో బి, 3. 70 దాటినచో సి, 2. అక్కడి విద్యార్థికి 75 వచ్చినచో 2 పాయింట్లే గాని, నా లెక్క ప్రకారము 3 కావు. అనగా 25చే భాగించుట అమెరికాలోనే చెల్లదు. ఇక మన పట్టికకు ఎట్లు చెల్లును? మన ప్రథమ శ్రేణిని అక్కడి ఉన్నత గ్రేడుతో సమానముగా గణించు మదింపు సంస్థలు కలవు.

జర్మనీ పద్ధతి మరియొక విధము. అక్కడ 1 అన్నిటికంటె మేలు, 4 ఉత్తీర్ణతకు కడపటి మెట్టు. మగ్గము నెరిగిన గుడియాత్తమువారికి ఇది వింత గాదు. నూలు నంబరు పెరిగినకొద్దీ పోగు సన్నమగును గదా. వారి బవేరియా సూత్రము ఇది: గరిష్ఠ మార్కులనుండి వచ్చిన మార్కులు తీసివేయవలెను; దానిని, గరిష్ఠమునుండి ఉత్తీర్ణత మార్కులు తీసివేయగా మిగిలిన దానిచే భాగించి, 3చే గుణించి, 1 కలుపవలెను. ప్లస్ టూలో 600కు 480 వచ్చిన బాలికను తీసికొందము. శాతము 80, ఉత్తీర్ణత 35. 20ని 65చే భాగించి, 3చే గుణించి, 1 కలిపిన 1.92. ఉత్తీర్ణత 50గా నున్న చోట అదే 80కి 2.2 వచ్చును. కావున ఉత్తీర్ణత మార్కు తెలియక ఈ లెక్క చేయరాదు.

దూరదేశముల మాట యేల? మన దేశముననే ఒకే సూత్రము లేదు. సి.బి.ఎస్.ఇ. వారు 2010 నుండి 2017 వరకు పదవ తరగతికి గ్రేడు పాయింట్ల సగటు ఇచ్చి, దానిని 9.5చే గుణించుమనిరి. 91 నుండి 100 వరకు పొందినవారి సగటు సుమారు 95గా తేలుటచే ఆ సంఖ్య వచ్చినది. హైదరాబాదు జె.ఎన్.టి.యు. వారు సగటునుండి 0.5 తీసివేసి 10చే గుణింతురు. 8 పాయింట్లు మొదటి లెక్కకు 76 శాతము, రెండవదానికి 75. ఒక్క శాతముతో ఉద్యోగపు దరఖాస్తు త్రోసివేయబడు రోజులివి! తరగతి సగటును బట్టి గ్రేడు నిర్ణయించు సాపేక్ష పద్ధతి గల కళాశాలలలోనైతే, గ్రేడు చూచి మార్కులు తిరిగి కనుగొనుట అసాధ్యము.

కావున ఇంట లెక్క వేయక, పట్టిక వెనుక ముద్రించిన గ్రేడు వివరణను భద్రపరచవలెను. అది లేనిచో విశ్వవిద్యాలయ పరీక్షా విభాగమునుండి మార్పిడి పత్రము కోరవలెను. అనేక అమెరికా విశ్వవిద్యాలయములు మార్చక యున్నదున్నట్లు వ్రాయుమనియే చెప్పును. తప్పనిసరియైనచో వారు పేర్కొన్న మదింపు సంస్థకే పంపవలెను.

ఆ తండ్రికి నేనే కబురు పంపి నా తప్పు చెప్పితిని. కుమారుడు ఈ యేడు "నూటికి 72, ప్రథమ శ్రేణి" అనియే వ్రాసి దరఖాస్తు పంపినాడు. జవాబు ఇంకను రాలేదు.