సర్వమత సంగీత సభకు ఉపాసకులు వెళ్ళవచ్చునా?



మా విహారానికి ప్రతి పౌర్ణమికీ వచ్చే ఒక ఉపాసిక పోయిన ఏడు ఒక సందేహంతో వచ్చింది. వాళ్ళ పేటలో సర్వమత సంగీత సభ పెడుతున్నారు. గుడి భజన బృందం, చర్చి పాటల బృందం, దర్గా దగ్గర కవ్వాలీ పాడేవాళ్ళు, పిల్లల కోలాటం, చివర డప్పు. బౌద్ధుల తరఫున బుద్ధ వందన మీరు చెయ్యాలి అన్నారట. సభ పడింది పౌర్ణమి నాడు.

"ఆ రోజు నేను అష్టశీలాలు తీసుకుంటాను కదన్నా. ఆటపాటలు వద్దంటోంది శీలం. వెళ్ళకపోతే బౌద్ధులు ఎవరితోనూ కలవరంటారు. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

ఆమె కోసం వెతుక్కున్న విషయాలే ఈ పాఠం.

ముందు శీలం సంగతి. గృహస్థులు రోజూ పాటించే పంచశీలాల్లో ఆటపాటల ప్రస్తావనే లేదు. ఉపోసథ దినాన తీసుకునే అష్టశీలాల్లో ఏడవది నాట్యం, గీతం, వాద్యం, వేడుకలు చూడటం, పూలదండలు, సుగంధాలు, అలంకారాలు మానుకోమంటుంది. అంటే సంగీతం పాపమని కాదు. ఆ ఒక్కరోజు మనసును వెలుపలికి పోనివ్వకుండా నిలుపుకోవడానికి పెట్టుకున్న నియమం అది.

సంగీతాన్ని బుద్ధుడు తిరస్కరించాడని కొందరు గట్టిగా చెబుతుంటారు. దీఘనికాయంలోని సక్కపఞ్హ సుత్తం చదివితే ఆ మాట అనలేరు. రాజగృహం దగ్గర ఇంద్రశాల గుహలో భగవానుడు ఉండగా పంచశిఖుడనే గంధర్వుడు వీణ మీటుతూ పాడాడు. పాడింది ప్రేమపాట! అయినా భగవానుడు కోపగించుకోలేదు. నీ తంత్రుల నాదం పాటను మించలేదు, పాట నాదాన్ని మించలేదు అని మెచ్చుకున్నాడు. మహాపరినిబ్బాన సుత్తంలో కుశీనగర మల్లులు తథాగతుని దేహాన్ని రోజుల తరబడి నాట్యగీత వాద్యాలతోనే గౌరవించారు. మన అమరావతి శిల్పులు కూడా భిక్షాపాత్రను దేవతలు తీసుకుపోయే ఘట్టాన్ని నాట్యం చేస్తున్నట్టుగా చెక్కారు. ఆ ఫలకం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

హెచ్చరిక కూడా ఉంది. తాలపుటుడనే నటబృంద నాయకుడు తన వృత్తికి ఏ ఫలితం వస్తుందని అడిగాడు. ఆ ప్రశ్న వద్దని భగవానుడు రెండుసార్లు వారించాడు. మూడోసారి చెప్పాడు: రాగద్వేష మోహాలు తొలగని జనంలో వాటినే ఇంకా రెచ్చగొట్టే ఆట కీడు చేస్తుంది. తాలపుటుడు ఏడ్చాడు, ప్రవ్రజ్య తీసుకున్నాడు, అర్హంతుడయ్యాడు. మన వీధుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టి పక్క మతం వాళ్ళ గుమ్మం ముందు పాడే పాటలు విన్నవారికి ఈ సుత్తం వేరే వివరించనక్కరలేదు.

అయితే మతాలన్నీ ఒక వేదిక ఎక్కితే చాలునా? కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుని పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. మొదటి శాసనంలో ఆయన 'సమాజాలు', అంటే ఉత్సవాలు, వేడుకలు, చాలావరకు దోషమే అన్నాడు, కొన్ని మాత్రం మంచివని ఒప్పుకున్నాడు. పన్నెండవ శాసనంలో మతాల గురించి చెబుతూ, తన మతాన్ని పొగుడుకోవడానికి ఇతర మతాన్ని అకారణంగా కించపరచవద్దనీ, మాటకు అదుపు ఉండాలనీ అన్నాడు. (మతానికి ఆయన వాడిన పదం 'పాషండ'. మనం దాన్ని తిట్టు చేసుకున్నాం!) గిర్నార్ ప్రతిలో కలయికకు 'సమవాయం' అనే పదం ఉంది. ఎందుకు కలవాలో కూడా అక్కడే ఉంది: ఒకరి ధమ్మాన్ని ఒకరు వినాలి, వినాలనే కోరిక కలగాలి. కలిసి పాడమని కాదు, వినమని.

ఈ కొలతతో చూస్తే మన సభలు చాలావరకు తేలిపోతాయి. నేను చూసిన ఒకదాంట్లో భజన వాళ్ళు పాడి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోయారు. చర్చి పిల్లలు పాడి ఆటో ఎక్కారు. మేమూ వందన ముగించి బయటికొచ్చి టీ తాగుతూ నిలబడ్డాం, దాచడం దేనికి! అతిథులు వచ్చినప్పుడు దారి పొడుగునా డప్పు కొట్టినవాళ్ళ వంతు వచ్చేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. ఆహ్వాన పత్రికలో వాళ్ళ పేర్లు కూడా లేవు. మైకులో ఐక్యత, ఐక్యత అని మాత్రం పదిసార్లు అన్నారు. ఆ లెక్కన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగే నయం. అక్కడ అలావా చుట్టూ ముస్లింలూ, హిందువులూ ఒకే డప్పుకు అడుగు వేస్తారు, ఎవరి పాటకు వాళ్ళు వచ్చిపోవడం ఉండదు.

మళ్ళీ ఆ ఉపాసిక ప్రశ్నకు వద్దాం. వినయపిటకంలో ధమ్మాన్ని సాగదీసి రాగాలాపనగా పాడటంలో దోషాలు చెప్పి, 'సరభఞ్ఞ', అంటే స్వరంతో పఠించడం, అనుమతించారు. కనుక అష్టశీలాలతో ఉండి కూడా ఆమె వందన పఠించి రావచ్చు. శీలానికి భంగం లేదు. కానీ వందన అవగానే లేచి రావాలి, మిగతా ఆటపాటలు చూడకూడదు. నేను ఇదే చెప్పాను, తేలికైన దారి అనుకున్నాను.

ఆమె కాసేపు ఆలోచించి, "మనది వినిపించి, వాళ్ళది వినకుండా రమ్మంటారా అన్నా?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

ఆ పౌర్ణమికి ఆమె పంచశీలాలతోనే సభకు వెళ్ళింది. వందన చెప్పే ముందు దాని అర్థం నాలుగు మాటల్లో తెలుగులో చెప్పిందట. కవ్వాలీ వాళ్ళను కూడా అర్థం చెప్పమని అడిగితే వాళ్ళు సంతోషంగా చెప్పారట. డప్పు బృందం ముగించేదాకా ముందు వరసలోనే కూర్చుంది. తర్వాతి అష్టమి నాడు తెల్లచీరతో విహారానికి వచ్చి అష్టశీలాలు తీసుకుంది. వెంట డప్పు కొట్టే కుర్రవాడు ఒకడు వచ్చాడు. శీలం తీసుకోవడానికి కాదట, ఊరికే, మనం ఏం చెబుతామో విందామని.