కొబ్బరిపాల హల్వా

ఉగాదికి బొబ్బట్లు, సంక్రాంతికి అరిసెలు చేయుట మనకు వాడుక. తీపి లేని పండుగ మనకు పండుగ కాదు. పండుగనాడు కూడ విడువరాని ఆహారనియమములు గలవారు తమ తీపివంటను ఎట్లు చేసికొందురు? యూదుల నూతన సంవత్సర పండుగ ఇందుకు చక్కని ఉదాహరణము.

మనదేశమున యూదులు కొలదిమందియే కలరు. కొంకణతీరమున బెనె ఇజ్రాయేలులను వారు తరతరములుగా నివసించిరి. గానుగ ఆడించుట వారి వృత్తి. శనివారము వారికి విశ్రాంతిదినము. ఆనాడు గానుగ కట్టెడివారు కారు. అందుచే పొరుగువారు వారిని 'శనివారపు తేలీలు', అనగా శనివారము పని మానెడి తెలికలవారు, అని పిలిచిరి. మన రాష్ట్రమునను గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమునగల కొత్తరెడ్డిపాలెమున తెలుగు మాటలాడు యూదులున్నారు. వీరిని బెనె ఎఫ్రాయీములందురు. 1980 తరువాతి సంవత్సరములలో వీరు హీబ్రూ భాష నేర్చి, ప్రార్థనామందిరము నేర్పరచుకొనిరి.

యూదుల నూతన సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వచ్చును. దానిని రోష్ హషానా అందురు. రాబోవు సంవత్సరము తీయగా నుండవలెనని కోరుచు ఆనాడు తీపి తిందురు. అయితే వారి ధర్మశాస్త్రము మేకపిల్లను దాని తల్లిపాలలో వండరాదని మూడు తావుల చెప్పినది. దానినిబట్టి పెద్దలు మాంసమును, పాలను ఒకే భోజనమున కలుపరాదని నిర్ణయించిరి. నియమమును చక్కగా పాటించువారు రెంటికిని వేర్వేరు పాత్రలుంచుకొందురు. పండుగ భోజనమున మాంసమున్నచో, దానివెంట పాలకోవాగాని, నేతిమిఠాయిగాని పనికిరాదు.

ఈ చిక్కును కొంకణపు గృహిణులు కొబ్బరితో విడదీసిరి. కొబ్బరిపాలు పేరునకే పాలు. అవి చెట్టునుండి వచ్చినవి. కావున మాంసాహారము వెంట వానిని తినవచ్చును. వారు చేయు హల్వాకు మరాఠీలో 'చిక్ చా హల్వా' అని పేరు. చిక్ అనగా గోధుమలనుండి తీసిన చిక్కనిపాలు.

గోధుమలను బాగుగా నానబెట్టి, రుబ్బి, పలుచని గుడ్డలో వడకట్టవలెను. ఆ పాలను కదలింపక ఉంచినచో గోధుమసారము అడుగునకు పేరుకొనును. పైతేటను వంచివేయవలెను. ఈ చిక్కనిపాలు 1 గ్లాసునకు కొబ్బరిపాలు 4 గ్లాసులు, పంచదార 2 గ్లాసులు సుమారైన కొలత. అన్నియు కలిపి, సన్నని సెగపై ఎడతెగక కలియబెట్టవలెను. చేయి ఆపినచో అడుగంటును. చాలసేపటికి మిశ్రమము దగ్గరపడి, కొబ్బరినూనె తేలి, గిన్నె అంచులను విడుచును. అప్పుడు ఏలకులపొడి, జీడిపప్పు చేర్చి, పళ్లెములో పోసి, చల్లారినపిదప ముక్కలు కోయుదురు.

ఈ వంట మనకు పూర్తిగ క్రొత్తది కాదు. అనకాపల్లి జిల్లాలోని మాడుగుల హల్వాయు గోధుమపాలతోనే చేయుదురు. కాని అందులో నేయి పడును. కోనసీమలో కొబ్బరికి కొదువ లేదు. అంబాజీపేట కొబ్బరి సంత ప్రసిద్ధము. ఆత్రేయపురపు స్త్రీలు బియ్యపుపిండి జావను కాగిన కుండపై పరచి, కాగితమువంటి రేకులు తీసి, పూతరేకులు చుట్టుదురు. ఆ నేర్పునకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఎక్కడివారైనను తమ నేల పండించినదానితోనే వంట నేర్చుకొందురు.

నియమములు మనలోను కలవు. ఏకాదశినాడు అన్నము ముట్టనివారు, మడితో వండినదేకాని తిననివారు మన యిండ్లలోనే యున్నారు. వారి నియమమును మనమెట్లు మన్నింతుమో, పరుల నియమమునును అట్లే మన్నింపవలెను. మిత్రునకు మిఠాయి పెట్టునపుడు అందేమి కలిసినదో ఉన్నదున్నట్లు చెప్పవలెను. 'కొంచెమే కదా, తెలియదులే' అని నేతిమిఠాయిని నూనెమిఠాయి యని పెట్టుట ఆదరణ కాదు, మోసము. తెలియక తిన్నవానికి కలుగు మనస్తాపమును పెట్టినవాడు తీర్చలేడు. మన పాత్రలలో వండినది తినను అని అతడు చెప్పినను కోపింపరాదు. అప్పుడు ఒక కొబ్బరికాయయో, ఒక పండో చేతికిచ్చినను స్నేహమునకు లోటు రాదు. అతిథికి తీపి పెట్టుట మర్యాద. అతని వ్రతము చెడకుండ పెట్టుట అంతకంటె గొప్ప మర్యాద.

ప్రశ్నలు

1. బెనె ఇజ్రాయేలులకు 'శనివారపు తేలీలు' అను పేరెట్లు వచ్చెను?
2. పండుగ హల్వాలో ఆవుపాలకు బదులు కొబ్బరిపాలు వాడుటకు కారణమేమి?
3. మీ యింట పాటించు ఆహారనియమ మొకదానిని గూర్చి వ్రాయుడు.