బుజ్జమ్మా, బానెట్ ఎత్తే ముందు

టొలీడో,
నవంబరు 9

బుజ్జమ్మా,

నీ వాయిస్ మెసేజ్ మామయ్యా నేనూ కలిసే విన్నాం. నువ్వు చెప్పినదానికంటే నీ వెనకాల ఇంజన్ చెప్పిందే మాకు బాగా అర్థమైంది. సిగ్నల్ దగ్గర ఆగావు చూడు, అక్కడ మిస్సింగ్ కొడుతోంది. ఆరు సిలిండర్లలో ఒకటో రెండో సరిగా అంటుకోవడం లేదు. అందుకే ఆ ఊగుడు, ఆ పెట్రోలు వాసన. పొద్దున వానలో ఎక్కువగా ఉండి, కాస్త పొడి వాతావరణం వచ్చాక తగ్గుతోందన్నావు గనక నా అనుమానమంతా ప్లగ్ వైర్ల మీదే. మీ పోర్ట్‌లాండ్‌లో చలికాలమంతా వానేనాయె. వైరు మీది రబ్బరు పాతబడి పగిలిందంటే, ఆ చెమ్మలో కరెంటు ప్లగ్గు దాకా పోదు. దారిలోనే ఇంజన్ ఇనుములోకి దూకేస్తుంది.

దీనికే బండి అమ్మేస్తానంటావేంటే! షాపువాళ్ళు ఆరొందల డాలర్లు అడిగారని బెంబేలు పడిపోయావు. అడుగుతారు, వాళ్ళకీ అద్దెలున్నాయి, జీతాలున్నాయి. వాళ్ళని తిట్టుకోకు. కానీ ఇది నువ్వు చేసుకోగలిగిన పని. నీ 1998 జీప్ చెరొకీ మా ఊళ్ళో పుట్టిన బండి, తెలుసా? 2001లో ఇక్కడ ఆపేసేదాకా ఆ మోడల్ ఈ టొలీడోలో తయారయ్యేది. ఇంజన్ మాత్రం విస్కాన్సిన్‌లోని కెనోషా నుంచి వచ్చేది. 4 లీటర్లు, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో, హెడ్డు పోత ఇనుముది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఈ బండ్ల ఒళ్ళు తుప్పు పట్టి రాలిపోతుంది గానీ, ఇంజన్ ఓ పట్టాన పోదు. 1,80,000 మైళ్ళు తిరిగిందని దాన్ని చిన్నచూపు చూడకు.

ఒక్క విషయంలో మాత్రం నీ మీద కోపం వచ్చింది. ఇంజన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉన్నా యూనివర్సిటీకి వెళ్ళి వచ్చానన్నావు. ఆ లైటు నిలకడగా వెలిగితే తీరిగ్గా చూసుకోవచ్చు. మిణుకుమిణుకుమందంటే బండి పక్కకి తియ్యమని అర్థం. సిలిండర్లో మండని పెట్రోలంతా సైలెన్సరు దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్లోకి పోయి అక్కడ మండుతుంది. ఆ వేడికి అది లోపల్లోపలే కరిగి మూసుకుపోతుంది. వందతో పోయేది వేలకి తెస్తుంది. సరేలే, ఎవరైనా చెబితే కదా నీకు తెలిసేది. ఇకమీదట అలా వెలిగితే బస్సెక్కు, అంతే.

లైటు మిణుకుమనడం ఆగాక, ముందు బండి కంప్యూటరులో నమోదైన తప్పు కోడ్ చూపించుకో. 1996 నుంచి ఇక్కడ అమ్మిన కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఆ కోడ్ చదివే పరికరం తగిలించే ఒకే రకం సాకెట్టు పెట్టారు. విడిభాగాలమ్మే దుకాణాల్లో చాలాచోట్ల ఊరికే చూసి పెడతారు. పి0304 అని వస్తే నాలుగో సిలిండరు, పి0306 అయితే ఆరోది. పి0300 వస్తే ఫలానాదని చెప్పలేకపోతోందన్నమాట. నంబర్లు రేడియేటర్ వైపు నుంచి లెక్క, ముందున్నది ఒకటి.

ఈ ప్లగ్గుల గొడవ మన ఇంటికి కొత్తేం కాదు. గుడివాడలో తాతయ్యకి పెట్రోల్లో ఆయిలు కలిపి పోసే స్కూటరుండేది. వానాకాలం పొద్దున కిక్కు కొట్టీ కొట్టీ చొక్కా తడిసిపోయేది. ఓ పక్కకి వంచేవారు, మళ్ళీ కొట్టేవారు. చివరికి డిక్కీలోంచి పానా తీసి ప్లగ్గు విప్పితే, అది నల్లగా జిడ్డోడుతూ ఉండేది. గరుకు కాగితంతో రుద్దడం నా డ్యూటీ. మీ నాన్న పక్కన నిలబడి ఊదేవాడు, పెద్ద పనిమంతుడిలా. ఆ తర్వాత ప్లగ్గుని ఇంజన్‌కి ఆనించి పట్టుకుని కిక్కు కొట్టి, నీలం నిప్పు పడిందో లేదో చూసేవారు. ఒక్కోసారి చెయ్యి జాడించి, ఆఫీసుకి నడిచి వెళ్ళిపోయేవారు.

ఆ ముచ్చట విని నువ్వు అలాంటి పని చెయ్యకు తల్లీ. నీ బండి వైర్లలో వేల వోల్టులు పోతాయి. ఇంజన్ తిరుగుతుండగా వైరు పీకి చూడమని ఎవరు చెప్పినా వినకు. ముఖ్యంగా మీ నాన్న చెబితే అసలు వినకు! నిన్న ఫోన్లో నాకు అరగంట సలహాలిచ్చాడు. వాడు జన్మలో చేయి పెట్టింది ఆఫీసు వాళ్ళ డీజిల్ జీపు మీద. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గే ఉండదు, ఒత్తిడి వేడికే అంటుకుంటుంది. ఆ సంగతి వాడికి గుర్తు చేస్తే నొచ్చుకున్నాడు. నువ్వు కూడా అనేవు, పాపం ఊరుకో.

వైర్లేనా కాదా అని తేల్చుకోవాలంటే రాత్రిపూట చీకట్లో బండి స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి చూడు. నీళ్ళు చిలకరించే స్ప్రే సీసాతో వైర్ల మీద దూరం నుంచి సన్నగా తుంపర కొట్టు. పగుళ్ళున్నచోట నీలం మెరుపులు సన్నగా పాకుతూ కనిపిస్తాయి, చిటపటమంటూ చప్పుడొస్తుంది. చూడు, వెనక్కి వచ్చెయ్యి. ముట్టుకోకు. జడ ముడేసుకో, ఆ హూడీ తాళ్ళు లోపలికి దోపుకో, ముందు ఫ్యాను ఎదురుగానే తిరుగుతూంటుంది.

ఇక సామాను. ఆరు ప్లగ్గులు, వైర్ల సెట్టు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్, దాని కింద తిరిగే రోటర్. వైరు మార్చి పాత క్యాప్ ఉంచేస్తే సగం పనే, లోపలి పిన్నులు కాలి తెల్లగా పొడి పట్టి ఉంటాయి. సెట్టులో ఏడు వైర్లుండాలి, చూసుకో. ఆరు ప్లగ్గులకి, ఏడోది కాయిల్ నుంచి క్యాప్ నడుమకి. దాన్ని చాలామంది మర్చిపోతారు, అది చెడితే ఆరూ కుంటుతాయి. ప్లగ్గుల దగ్గర మాత్రం కక్కుర్తిగానే ఉండు. ఇరిడియం అనీ ప్లాటినం అనీ దుకాణంలో ఊరిస్తారు. అవి ఎక్కువ కాలం వస్తాయి, కాదనను. కానీ ఈ ఇంజన్‌కి ఫ్యాక్టరీలో బిగించినవి రాగి కోర్ ఉన్న మామూలు ఛాంపియన్ ప్లగ్గులే, వాటితోనే అది హాయిగా ఉంటుంది. 30,000 మైళ్ళకోసారి మార్చుకుంటే సరి. మిగిలిన డబ్బుతో వైర్లు మంచివి కొను.

కొన్న ప్లగ్గుని కొన్నట్టే బిగించెయ్యకు. కొసన రెండు మొనల మధ్య సందు కొలువు. నీ బండికి 0.035 అంగుళం, దాదాపు 0.9 మిల్లీమీటరు. పెట్టె మీద "సరిచేసి పంపాం" అని రాసున్నా సరే, దారిలో ఎన్ని కుదుపులు తిన్నాయో. తేడా ఉంటే పైన వంగి ఉన్న కొక్కెంలాంటి దాన్నే కొద్దిగా వంచు. నడుమ కడ్డీని మీటకు, చుట్టూ ఉన్న పింగాణీ విరుగుతుంది. చెయ్యి జారి సిమెంటు నేల మీద పడిన ప్లగ్గుని పక్కన పడెయ్యి. రెండు మూడు డాలర్లకి చూసుకోకు.

పని రాత్రంతా చల్లారిన ఇంజన్ మీదే. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. ఈ బండికి పొగగొట్టాలన్నీ డ్రైవరు వైపు, ప్లగ్గులన్నీ రెండో వైపు వరసగా ఉంటాయి, అదొక అదృష్టం. వేరే బండ్లలో కొన్నిటికి వెనక వరస ప్లగ్గులు అందాలంటే పైనున్నదంతా విప్పాలి. అలాంటిదైతే నేనే షాపుకి పంపేదాన్ని.

వైరుని వైరు పట్టుకుని లాగకు! లోపలుండేది కార్బన్ పూసిన దారంలాంటిది, పుటుక్కున తెగుతుంది, పైకి తెలియదు. ప్లగ్గు మీదున్న రబ్బరు టోపీని పట్టుకుని, ముందు అటూ ఇటూ మెలితిప్పి, పట్టు వదిలాక లాగు. లాగగానే ప్లగ్గు విప్పబోకు. దాని చుట్టూ గుంటలో పాతికేళ్ళ మట్టి ఉంటుంది. విప్పావంటే అదంతా సిలిండర్లోకే. ముందు బ్రష్షుతో కదిపి గాలి కొట్టి ఊదెయ్యి. ఐదెనిమిదో వంతు అంగుళం సాకెట్, లోపల రబ్బరున్నది, పొడుగు రాడ్‌తో వాడు. ఆరోది ఇంజన్ వెనక గోడ దగ్గర కాస్త ఇరుకు. మోచెయ్యి గీసుకుంటుంది, విసుక్కోకు.

అన్నిటికంటే ముఖ్యం, ఒకటి తీసి ఒకటి పెట్టడం. ఒక వైరు తీశావా, ఆ ప్లగ్గు మార్చావా, పాత వైరు పొడుగుకి సరిపడా కొత్త వైరు తీసుకుని రెండు కొసలూ పెట్టావా, అప్పుడే రెండోదాని మీద చెయ్యి. నేను నా జీపుకి ఆరూ ఒక్కసారే పీకేశాను, పుస్తకం ఉందిగదా అన్న ధీమాతో. 1-5-3-6-2-4. వరస తప్పలేదు. కానీ ఈ రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగినట్టు తిరుగుతుంది, నేను ఎదురు పెట్టాను. తాళం తిప్పగానే ఢామ్మని పేలి పక్కింటి కుక్క మొరిగింది. ఆ రోజంతా మామయ్య ఏమీ అనలేదు, ఆ నవ్వు మొహమే చాలు. క్యాప్ మార్చేటప్పుడు కూడా పాతదాని పక్కనే కొత్తది అదే తీరున పట్టుకుని ఒక్కో వైరూ ఇటునుంచి అటు మార్చు. ఫోటో తీసుకున్నానులే అంటావు. తీసుకో, అయినా ఇలాగే చెయ్యి.

కొత్త ప్లగ్గుని పానాతో మొదలుపెట్టకు. ఓ జానెడు రబ్బరు గొట్టం ప్లగ్గు తలకి తొడిగి దాంతో తిప్పు. మర సరిగా ఎక్కితే వేళ్ళకే తెలుస్తుంది, మెత్తగా పోతుంది. అడ్డంగా ఎక్కబోతే గొట్టం జారుతుంది. ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ పట్టించు. బలం చూపించావో హెడ్డులో మర పోతుంది. ఇనుప హెడ్డు గనక కాస్త ఓర్చుకుంటుంది, అయినా దాని ఓర్పు పరీక్షించకు. చేత్తో ఆనేదాకా తిప్పాక టార్క్ రెంచితో 27 ఫుట్ పౌండ్లు, కటక్ మనగానే ఆపెయ్యి. మరలకి గ్రీజులూ గట్రా పూయకు, అది పూస్తే జారుడుకి లెక్కకు మించి బిగుసుకుపోతుంది. రబ్బరు టోపీ లోపల మాత్రం సిలికాన్ గ్రీజు వేలికొసంత రాయి. చెమ్మ లోపలికి పోదు, తర్వాత తీసేటప్పుడు అతుక్కోదు. టోపీ కూర్చున్నప్పుడు టక్ మనాలి. వైర్లని మళ్ళీ ఆ ప్లాస్టిక్ క్లిప్పుల్లో పెట్టడం బద్ధకించకు, ఒకదానికొకటి రాసుకుంటూ పోతే ఒకదాని కరెంటు పక్కదానికి అంటుతుంది.

తీసిన ప్లగ్గులు కవరుకి నంబరు రాసి దాచి, ఫోటో పంపు. కొస లేత గోధుమరంగులోనో బూడిదరంగులోనో ఉంటే ఆ సిలిండరు ఆరోగ్యంగా ఉంది. పొడిగా నల్లటి మసి అయితే పెట్రోలు సరిగా మండటం లేదు. తడిగా నూనె ఓడుతుంటే లోపలికి ఆయిలు వస్తోంది, ఆ కథ వేరే, అప్పుడు మాట్లాడుకుందాం. తెల్లగా కాలి బొబ్బలెక్కి ఉంటే మాత్రం బండి తియ్యకు, నాకు ఫోన్ చెయ్యి. అన్నీ మార్చినా ఒక్క సిలిండరే మిస్సింగ్ కొడుతుంటే ఇక ఏదీ కొనకు. ఇంజెక్టరో, కంప్రెషనో చూడాలి, అప్పుడు షాపువాళ్ళకి డబ్బు ఇవ్వడం దండగ కాదు.

రేపు పార్సిల్ వేస్తున్నాను. మామయ్య టార్క్ రెంచి, ఫీలర్ గేజ్, రబ్బరు గొట్టం ముక్క, కింద డబ్బాలో కారప్పూస. ఆ చేతులతో కారప్పూస తినకు, ముందు సబ్బుతో కడుక్కో. రెంచి పనయ్యాక స్కేలుని అడుగుకి తిప్పి పెట్టు, లేకపోతే స్ప్రింగు పట్టు పోయిందని మామయ్య ఆర్నెల్లు నన్ను సాధిస్తాడు.

ప్రేమతో,
అత్త