ప్రశ్నలు - జవాబులు: మరకకూ ఒక కారణం ఉండాలి

ప్రశ్న: మొదటి కిట్‌గా ఇంజను, సీట్లు, గుండ్లతో సహా లోపలి సరంజామా అంతా ఉన్న టైగర్ ట్యాంకు ప్లాస్టిక్ నమూనా కొన్నాను. వెయ్యికి పైగా ముక్కలు. నెలల తరబడి చక్రాల దగ్గరే ఆగిపోయాను. ఏం చేయమంటారు?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: పెట్టెలో సర్దేసి అటకెక్కించండి. అమ్మేయకండి, నాలుగు కిట్లు పూర్తి చేశాక అదే మీకు పనికొస్తుంది. టైగర్ చక్రాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా వరుసలుగా ఉంటాయి. అసలు ట్యాంకులోనూ లోపలి చక్రం మార్చాలంటే ముందు బయటివన్నీ ఊడదీయాల్సి వచ్చేది. యుద్ధరంగంలో ఆరితేరిన మెకానిక్కులనే ముప్పుతిప్పలు పెట్టిన అమరిక అది. దానితో ఓనమాలు దిద్దొద్దు.

తమియా వారి పాత 1/35 కిట్ ఒకటి కొనండి. ముక్కలు తక్కువ, అతుకులు చక్కగా కూర్చుంటాయి. ఈ 1/35 కొలత వచ్చిన తీరు కూడా తెలుసుకోండి. 1961లో తమియా పాంథర్ ట్యాంకు చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజు పెట్టుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే అసలుదానిలో దాదాపు 35వ వంతు తేలింది. ప్రపంచమంతా ఆ కొలతనే పట్టుకుంది.

మొదటి కిట్ పూర్తి కావాలి, అంతే. రంగు, డీకాల్స్ (అంటించే గుర్తులు), దుమ్ము, బురద అన్నీ చివర్లో వచ్చే పనులు. సగంలో ఆపేసేవాళ్లకు ఎన్ని కిట్లు కొన్నా అవి అలవడవు.

ప్రశ్న: ఫెవిక్విక్‌తో అతికిస్తే ముక్కల చుట్టూ తెల్లటి పొర కడుతోంది. అతుకు గీతలూ కనిపిస్తున్నాయి.
– డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: ఆ గమ్ ఆవిరి పక్కనున్న ప్లాస్టిక్ మీద పేరుకుని తెల్లబడుతుంది. కిట్ల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్‌కు వాడాల్సింది మోడల్ సిమెంట్. అది రెండు అంచులనూ కాస్త కరిగించి కలిపేస్తుంది. ద్రావకం ఎగిరిపోయాక అక్కడ మిగిలేది ఒకే ప్లాస్టిక్. పల్చటి రకం సిమెంట్ తెచ్చుకోండి. సిమెంట్ పూసి ముక్కలు కలపొద్దు. ముందు ముక్కలు రెండూ కలిపి పట్టుకుని, బ్రష్ కొసను అతుకు గీతకు తాకించండి. గీత వెంట సిమెంట్ తనంతట తానే పాకిపోతుంది. అప్పుడు మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి దారంలా పైకి ఉబుకుతుంది. దాన్ని వేలితో తుడిచారో, వేలిముద్ర ట్యాంకు మీద శాశ్వతంగా ఉండిపోతుంది. మర్నాటిదాకా ముట్టుకోకండి. గట్టిపడ్డాక బ్లేడుతో గీకి, 600 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దితే అతుకు ఎక్కడుందో మీకే తెలియదు.

అలాగని కనిపించిన గీతనల్లా చెరిపేయొద్దు. ఫిరంగి గొట్టం మీద గీత ఉండకూడదు, ఎందుకంటే అసలుది ఒకే ముక్క. ఉక్కు పలకలు కలిసే చోట మాత్రం వెల్డింగ్ గీత ఉండి తీరాలి. షెర్మన్ ట్యాంకుల్లో పోత పోసిన ఒళ్లు ఉన్న రకమూ ఉంది, పలకలు వెల్డింగ్ చేసిన రకమూ ఉంది. మీరు కట్టేది ఏదో ఫొటోలో చూసుకున్నాకే కాగితం పట్టండి. ఆ ఫెవిక్విక్ పారేయకండి, ఇత్తడి ముక్కలు, రెసిన్ ముక్కలు అతికించడానికి ఉంటుంది. సిమెంట్ వాడేటప్పుడు కిటికీ తెరిచి ఉంచండి.

ప్రశ్న: పొరపాటున పడిన రంగును నెయిల్ పాలిష్ రిమూవర్‌తో తుడవొచ్చా?
– వరంగల్

జవాబు: వద్దు, చాలా రిమూవర్లలో ఉండే ఎసిటోన్ రంగుతో పాటు ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. సెలవు వస్తే చాలు, ట్యాంకులు కడుతూ కూర్చుంటాడు. యుద్ధం మీద మోజు పెరుగుతుందేమోనని భయం. పైగా ఖర్చు, గమ్ వాసన. మాన్పించమంటారా?
– గృహిణి, నెల్లూరు

జవాబు: మాన్పించకండి అమ్మా. ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తుంటాయి, అందుకే కాస్త వివరంగా చెబుతాను. యుద్ధం మీద మోజు పెంచేవి వీడియో గేముల్లాంటివి వేరే చాలా ఉన్నాయి. వాటిలో మనుషులు చనిపోయి మళ్లీ లేస్తారు. కిట్ కట్టే పిల్లవాడికి ట్యాంకు లోపల ఎంత ఇరుకో తెలుస్తుంది. వాడు సెంచూరియన్ కడుతున్నాడనుకోండి, టరెట్ పైకప్పు అతికించే ముందు పక్కన కూర్చుని అడగండి: లోపల ఉండేది ఎంతమంది? గన్నర్ ఎక్కడ కూర్చుంటాడు? మంట లేస్తే ఏ దారిన బయటికి వస్తాడు? ఉండేది నలుగురు. గన్నర్ సీటు కమాండర్ కాళ్ల ముందు ఉంటుంది. వాడికంటూ వేరే తలుపు లేదు, కమాండర్ కదిలితే గానీ బయటపడలేడు. ఆ కమాండర్ తలుపును చేత్తో అతికించిన పిల్లవాడు యుద్ధం గురించి తేలిగ్గా మాట్లాడడు.

వాసన సంగతి మాత్రం మీరు గట్టిగానే పట్టించుకోవాలి. గమ్, థిన్నర్ గాలాడే చోటే వాడాలి. స్ప్రే అయితే మూతికి మాస్క్ కట్టుకుని ఆరుబయటే కొట్టాలి. బ్లేడు ఎప్పుడూ వేళ్లకు అవతలి వైపు కదలాలి. మొద్దుబారిన బ్లేడు పదునైనదాని కన్నా ప్రమాదం, ఎందుకంటే బలం ఎక్కువ పెట్టాల్సి వచ్చి జారుతుంది. ఇక ఖర్చుకు ఒక్కటే నియమం: చేతిలో ఉన్నది రంగులతో సహా పూర్తయ్యాకే ఇంకోటి. విప్పని పెట్టెలు బీరువాలో పేరుస్తుంటే అప్పుడు కోప్పడండి, నేనూ మీ వైపే.

ప్రశ్న: టీ-55, టీ-62 ట్యాంకులను చూడగానే ఎలా గుర్తుపట్టాలి?
– విజయవాడ

జవాబు: చక్రాలు చూడండి: మొదటి రెండు చక్రాల మధ్య ఎడం ఎక్కువుంటే టీ-55, ముందువి దగ్గరగా ఉండి వెనకవి ఎడంగా ఉంటే టీ-62.

ప్రశ్న: మా నాన్నగారు సైన్యంలో ట్యాంకుల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు ఇద్దామని, 1971 బసంతర్ యుద్ధంలో సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ కమాండర్‌గా ఉన్న సెంచూరియన్ 'ఫామగుస్తా'ను 1/35లో కట్టాను. వీడియోల్లో చూపించినట్టే తుప్పు, పెచ్చులు, బురద బాగా పట్టించాను. నాన్న చేతిలోకి తీసుకుని చూసి, "బండిని ఇలా ఉంచితే మమ్మల్ని బతకనిచ్చేవాళ్లా?" అన్నారు. మనసు చివుక్కుమంది. ఎక్కడ తప్పాను?
– బ్యాంకు ఉద్యోగి, సికింద్రాబాద్

జవాబు: మీ నాన్నగారి మాటే రైటు. చిన్నబుచ్చుకోకండి, ఆయన మీ పనిని తీసిపారేయలేదు. ఎన్నో ఏళ్లు తాను చేసిన పని ఆ బొమ్మలో కనిపించలేదని బాధపడ్డారు. రోజూ తుడిచి, గ్రీజు పెట్టి, నట్లు బిగించిన మనిషికి మీరు ఏళ్ల తరబడి ఆరుబయట వదిలేసిన బండిని చూపించారు.

ముందు తుప్పు సంగతి. 1971 యుద్ధం పశ్చిమాన డిసెంబర్ 3న మొదలై 17న ఆగింది. రెండు వారాల్లో, వాడుకలో ఉన్న ట్యాంకుకు ఒళ్లంతా తుప్పు ఎలా పడుతుంది? సెంచూరియన్ టరెట్ ముందు భాగం దాదాపు 150 మిల్లీమీటర్ల ఉక్కు. రంగు లేచిన చోట పైపైన గోధుమ ఛాయ వస్తుంది, అంతకు మించి ఏమీ కాదు. అసలు తుప్పు ఉండాల్సిన చోటు వేరే ఉంది. వెనక మడ్‌గార్డుల మీద రెండు పక్కలా పొగగొట్టాల పెట్టెలుంటాయి. వేడికి వాటి మీద రంగు నిలవదు. అక్కడ వేయండి, ఎవరూ కాదనరు. పట్టాలకు కూడా మీరు నారింజ రంగు పూసి ఉంటారు. సెంచూరియన్ పట్టా మాంగనీసు ఉక్కు పోత. నడుస్తున్న బండికి నేలను తాకే అంచులు అరిగి తళతళలాడతాయి, సందుల్లో ముదురు గోధుమ రంగుతో మట్టి ఉంటుంది.

తర్వాత పెచ్చులు. 1/35లో ఒక మిల్లీమీటరు అంటే అసలు బండి మీద మూడున్నర సెంటీమీటర్లు. మీరు కందిగింజంత పెచ్చు వేస్తే అసలు బండి మీద చెయ్యి పరిచినంత మచ్చ. అలాంటివి ఎన్ని వేశారో ఒకసారి లెక్కపెట్టండి. స్పాంజి ముక్కతో అద్దే ముందు దాన్ని పేపరు మీద రెండుమూడు సార్లు ఒత్తండి. ఇక రంగు అయిపోయిందేమో అనిపించాకే ట్యాంకును తాకించండి. అదీ ఎక్కడ పడితే అక్కడ కాదు. సిబ్బంది బూటు పెట్టి ఎక్కే చోట, చెయ్యి వేసి పట్టుకునే తలుపు అంచున, పనిముట్ల పెట్టె మూత రాసుకునే చోట. పక్కన వేలాడే రేకులు పల్చటివి, అవి సొట్టపోతాయి, అంచులు వంగుతాయి. టరెట్ పక్కన ఎవరూ ముట్టుకోని చోట పెచ్చు ఎందుకు లేస్తుంది? కారణం చెప్పలేని మరక వేయొద్దు. నేను ఈ శీర్షికలో ఏ ప్రశ్నకు జవాబు రాసినా చివరికి చెప్పేది ఇదే.

ఇక బురద. మీ పెరట్లోని ఎర్రమట్టి వాడి ఉంటే అది ఇక్కడి నేల, అక్కడిది కాదు. బసంతర్ రావి నదికి ఉపనది. అది ఒండ్రు నేల, ఎరుపు కాదు, బూడిద కలిసిన లేత గోధుమ రంగు. మట్టిని జల్లెడ పట్టకుండా వేసినా తప్పే. ఒక మిల్లీమీటరు ఇసుక రేణువు ఈ కొలతలో మూడున్నర సెంటీమీటర్ల రాయి. రంగుపొడిని మెత్తటి ప్లాస్టర్ పొడితో కలిపి వాడండి. చక్రాల మధ్య, పట్టాల సందుల్లో, మడ్‌గార్డుల కింద మందంగా, పైకి వెళ్లేకొద్దీ పల్చగా. టరెట్ మీదికి వచ్చేది దుమ్మే.

అన్నిటికన్నా ముఖ్యమైనది: మీరు కట్టింది ఏ క్షణం? డిసెంబర్ 16న ఖేతర్‌పాల్ దళమైన పూనా హార్స్ ట్యాంకులు నది దాటి వెళ్లేటప్పటికి మందుపాతరలు పూర్తిగా తొలగించలేదు. అవతల పాకిస్థాన్ 13 లాన్సర్స్ దళం ప్యాటన్ ట్యాంకులు. ఖేతర్‌పాల్ వయసు 21. ట్యాంకుకు దెబ్బ తగిలి మంటలు లేచాయి, బయటికి రమ్మని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. ఫిరంగి ఇంకా పనిచేస్తోందని ఆయన బండి వదల్లేదు. ఆ పోరులోనే ప్రాణాలు విడిచారు. మరణానంతరం పరమవీర చక్ర ఇచ్చారు. ఆ ఉదయం నది దాటే ముందు బండి కడితే అది సిద్ధంగా ఉన్న బండి: తాజా దుమ్ము, తడి బురద, బిగించిన పనిముట్లు, పొగగొట్టాల మీద తప్ప తుప్పు లేదు. దెబ్బతిన్న తర్వాతది కడితే మసి, కాలి ఊడిన రంగు, బయటపడిన ఉక్కు. రంగు కాలిన ఉక్కుకే ఒళ్లంతా తుప్పు పడుతుంది, అదీ రోజులు గడిచాక. మీ బొమ్మలో ఈ రెండూ కలగాపులగం అయ్యాయి. ఒక వీరుడి బండి అని పేరు పెట్టినప్పుడు ఆ రోజు ఏం జరిగిందో దానికి కట్టుబడాలి. పేరు ఆయనది, మరకలు వీడియోవి అయితే అది గౌరవం కాదు.

బాగు చేసుకోవచ్చు. అడుగున వేసింది అక్రిలిక్ రంగై, పైన వార్నిష్ ఉండి, తుప్పు, బురద ఎనామెల్‌వి అయితే ఎనామెల్ థిన్నర్‌లో తడిపి పిండేసిన బ్రష్‌తో చాలావరకు తీసేయొచ్చు. మిగిలిన పెచ్చులను అసలు ఆకుపచ్చతో సన్న బ్రష్ పట్టి ఒక్కొక్కటిగా మూసేయండి. తర్వాత ముదురు గోధుమ వాష్‌ను (బాగా పల్చన చేసిన రంగును) బోల్టుల చుట్టూ మాత్రమే పెట్టండి.

అంతకంటే ముందు మీ నాన్నగారి దగ్గర ఒక నోట్‌బుక్కుతో కూర్చోండి. ఇంజను నూనె ఎక్కడ కారేది? డీజిల్, పెట్రోలు పోసేటప్పుడు ఏ మూత చుట్టూ మరక పడేది? పరుపులు ఎక్కడ కట్టేవారు? ఏ మెట్టు మీద రంగు ముందు అరిగేది? అలాంటి మనిషి ఇంట్లో ఉండగా మీరు ఫోనులో వెతికారు. మళ్లీ రంగు వేసేటప్పుడు ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఇద్దరూ కలిసి అహ్మద్‌నగర్‌లోని కావల్రీ ట్యాంక్ మ్యూజియానికి వెళ్లి రండి, ఇప్పుడా ఊరిని అహిల్యానగర్ అంటున్నారు. అక్కడ అసలు బండి ముందు ఆయన చెప్పే మాటలు ఏ పుస్తకంలోనూ దొరకవు.

ప్రశ్న: డీకాల్ అతికించాక చుట్టూ వెండిలా మెరుస్తోంది.
– ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: మ్యాట్ రంగు గరుకుగా ఉంటుంది. దాని మీద పెడితే పొర కింద గాలి చిక్కుకుని మెరుస్తుంది. ముందు నిగనిగలాడే గ్లాసీ వార్నిష్ వేసి పూర్తిగా ఆరనివ్వండి. డీకాల్‌ను నీళ్లలో నానబెట్టి జార్చి, మెత్తబరిచే ద్రావణం పెట్టండి. ముడతలు పడితే కంగారుపడి ముట్టుకోవద్దు, ఆరేకొద్దీ అవే సర్దుకుంటాయి. చివర్లో మ్యాట్ వార్నిష్. ఇప్పటికే మెరుస్తున్నవాటికి సూదితో సన్నటి చిల్లులు పెట్టి మళ్లీ ద్రావణం తాకించండి.

ప్రశ్న: మన దగ్గర తయారైన యుద్ధవాహనం ఏదైనా కట్టాలనుంది.
– ఇంజనీరింగ్ విద్యార్థి, సంగారెడ్డి

జవాబు: మీ జిల్లాలోనే ఉంది బాబూ. యెద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారైన బీఎంపీ-2 'సారథ్' కట్టండి. అది ట్యాంకు కాదు, పదాతి సైనికులను లోపల కూర్చోబెట్టుకుని పోరాడే వాహనం. ట్రంపెటర్, జ్వెజ్డా కంపెనీల బీఎంపీ-2 కిట్లు 1/35లో వచ్చాయి. అవి రష్యా బండివి, కాబట్టి మన బండి ఫొటోలు ముందు పెట్టుకుని తేడాలు చూసుకుంటూ కట్టండి.

పాఠకులకు ఒక మనవి. మీరు కట్టిన బండి ఫొటో పంపేటప్పుడు వాడిన రంగుల పేర్లు రాయకపోయినా ఫరవాలేదు. అది ఏ దళానిది, ఏ నెలలోది, ఏ నేల మీద నడిచింది, ఈ మూడు మాత్రం తప్పక రాయండి. ఆ మూడూ తేలకుండా దుమ్ము పట్టించే బ్రష్ చేతపట్టొద్దు.